రెండు గంటల కచేరీ: వేదిక ఎక్కకముందే తేలాల్సిన లెక్కలు

కర్ణాటక సంగీత కచేరీలో సగానికి పైగా అప్పటికప్పుడు పుట్టేదే. ఆలాపన (మాటల్లేకుండా రాగాన్ని విస్తరించడం), నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా అల్లి పాడటం), స్వరకల్పన (స్వరాలను అప్పటికప్పుడు అల్లడం), తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాల వారు విడిగా వాయించే భాగం), వీటిలో ఏదీ ముందే రాసిపెట్టుకుని అప్పజెప్పేది కాదు. అందుకే కొత్తగా వేదిక ఎక్కే పిల్లలు కృతులకు పాఠం గట్టిగా చేసుకుని, మిగతాదంతా ఆ వేళకు తోచేదానికి వదిలేస్తారు. తీరా ఆ వేళకు ఏమీ తోచదు. చాలాసార్లు దానికి కారణం సాధన లోపం కాదు. ఆలాపన మధ్యలో గడియారం వైపు చూపు పోవడం, మృదంగం శ్రుతి దిగిందేమోనని అనుమానం, స్వరాలు ఏ ముక్తాయింపుతో (ముగింపు లెక్కతో) ముగించాలో తేలకపోవడం. రాగంలో ఉండాల్సిన మనసు ఈ పనుల్లో చిక్కుకుంటుంది. ఇంట్లో తేల్చుకోగలిగిన ప్రతిదాన్నీ ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళాలన్నది నా గట్టి నమ్మకం. ఇక్కడ రాస్తున్నది గాత్ర కచేరీ గురించి. పక్కన వయొలిన్, మృదంగం, వీలైతే ఘటమో కంజీరో ఉన్నాయనుకుందాం.

మొదట సమయం. గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) స్థిరపరిచిన పద్ధతినే ఇప్పటికీ ఎక్కువమంది అనుసరిస్తున్నారు: వర్ణంతో మొదలు, మధ్యమకాల (మధ్యస్థ వేగపు) కృతులతో రక్తి కట్టించడం, తర్వాత ప్రధాన రాగం, తని, ఆపైన తుకడాలు (చివర్లో పాడే చిన్న పాటలు), మంగళం. అప్పటి కచేరీలు మూడు నాలుగు గంటలు సాగేవి. ఇప్పుడు సభలు ఇచ్చేది రెండు గంటలు, కొన్నిచోట్ల గంటన్నరే. పాత వరసను కొత్త నిడివిలో కుక్కబోతేనే చిక్కు.

కాగితం మీద వేసి చూడండి. వర్ణం 6 నిమిషాలు. గణపతి మీద కృతి, చిన్న స్వరాలతో 10. చౌకకాలంలో (నెమ్మది నడకలో) ఒక కృతి 10. ఉపప్రధాన రాగం: ఆలాపన 6, వయొలిన్ 4, కృతి 8, స్వరాలు 6, వెరసి 24. వెంటనే చకచకా సాగే చిన్న కృతి 4. ప్రధాన రాగం: ఆలాపన 12, వయొలిన్ 7, కృతి 10, నెరవు 7, స్వరాలు 8, తని 12, అంటే 56. రెండు తుకడాలు 10. మంగళం 2. మొత్తం 122 నిమిషాలు. తొమ్మిది అంశాల మధ్య ఎనిమిది విరామాలు వస్తాయి. శ్రుతి సరిచూసుకోవడానికి, గుక్కెడు నీళ్ళకు తలా ఒక నిమిషం చొప్పున వేసినా 130 అవుతుంది.

ఇలా పది నిమిషాలు ఎక్కువైనప్పుడు ఎక్కువమంది చేసేది అన్నిటిలోంచీ తలా కాస్త కోయడం. ఆ కోత చివరికి ప్రధాన ఆలాపన మీద, వయొలిన్ విద్వాంసుల వంతు మీద పడుతుంది. కచేరీకి ప్రాణం అక్కడే ఉంది కాబట్టి అది సరైన పని కాదు. కోస్తే ఒక అంశాన్ని మొత్తంగా తీసేయాలి. పై జాబితాలో చౌకకాల కృతిని తీసేస్తే 112, ఏడు విరామాలతో 119. ఇప్పుడు సరిపోయింది. చౌకం బొత్తిగా లేకుండా పోతుందనుకుంటే ప్రధాన కృతినే విలంబంగా ఉండేదాన్ని ఎంచుకోండి.

ఇదే లెక్కలో ఒక గుర్తు పెట్టుకోవాలి. ఉపప్రధానం ముగిసేసరికి 42వ నిమిషం అవ్వాలి. అక్కడ 48 దాటి ఉంటే తర్వాతి చిన్న కృతిని పాడకుండా నేరుగా ప్రధాన రాగం ఎత్తుకోవాలి. ఏది వదలాలో ముందే తెలిసి ఉంటే వేదిక మీద ఆలోచించే పనే ఉండదు. నిర్వాహకులను మరో మాట కూడా అడిగి ఉంచుకోండి: జ్యోతి ప్రజ్వలన, సన్మానం, ప్రసంగాలు మనకిచ్చిన రెండు గంటల్లోనేనా, బయటా? మన సభల్లో శాలువాలకు, పరిచయాలకు పావుగంట ఇట్టే పోతుంది. తని ముగిశాక సన్మానం పెట్టుకుంటే తుకడాలు తేలిపోతాయి. కచేరీకి ముందుగానీ మంగళం తర్వాతగానీ పెట్టమని మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

రాగాల ఎంపికలో చూడాల్సింది వైవిధ్యం ఒక్కటే కాదు, పొరపాటుకు తావివ్వకపోవడం కూడా. శంకరాభరణం 29వ మేళం (జనక రాగం), కల్యాణి 65వ మేళం. రెంటికీ మధ్యమం ఒక్కటే తేడా: మొదటిదానిలో శుద్ధ మధ్యమం, రెండోదానిలో ప్రతి మధ్యమం. వీటిని ఉపప్రధానంగా, ప్రధానంగా ఒకే రోజు పెట్టుకుంటే పాడేవాళ్ళ గొంతు అలవాటైన అవే అల్లికల్లో పడుతుంది, వినేవాళ్ళకు విన్నదే విన్నట్టుంటుంది. మోహనం పాడిన వెంటనే బిలహరి ఎత్తుకోవడం ఇంకా ప్రమాదం, రెంటి ఆరోహణా ఒకటే. ఒక శుద్ధ మధ్యమ రాగం తర్వాత ప్రతి మధ్యమం, ఒక సంపూర్ణం (ఏడు స్వరాల రాగం) తర్వాత ఔడవమో (అయిదు స్వరాలది) వక్రమో (స్వరాలు వంకరగా నడిచేది) వచ్చేట్టు చూసుకోవాలి. తాళాలూ అంతే. అన్నీ ఆదితాళమే అయితే మృదంగ విద్వాంసులు ఎంత గొప్పవారైనా కచేరీ ఒకే నడకగా వినిపిస్తుంది. ఒక రూపకం, ఒక మిశ్రచాపో ఖండచాపో తప్పక ఉండాలి. మొదటి అరగంటలో తారస్థాయి (పై స్థాయి) పంచమం దాకా పోయే కృతులు పెట్టుకోకండి. గొంతు తెరుచుకునేది ఆ తర్వాతే.

కాలప్రమాణం (పాట వేగం) చెడేది దాదాపు ఎప్పుడూ పల్లవి ఎత్తుకునే క్షణంలోనే. పల్లవిలో అక్షరాలు తక్కువగా, ఖాళీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి తెలియకుండానే వేగంగా మొదలవుతుంది. చరణంలో మధ్యమకాల సాహిత్యం వచ్చేసరికి మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. కృతి మొత్తంలో అక్షరాలు అన్నిటికంటే చిక్కగా ఉన్న పాదం ఏదో చూసి, ఎత్తుకునే ముందు దాన్ని ఒకసారి మనసులో తాళంతో పాడుకోండి. అది హాయిగా సాగే వేగమే ఆ కృతి వేగం. ఇంట్లో మెట్రోనోమ్ పెట్టుకుని ఆ అంకె రాసి ఉంచుకుంటే మేలు. కచేరీలో ఉత్సాహానికి అది ఎలాగూ కాస్త పెరుగుతుంది.

సాహిత్యం విషయంలో తెలుగు గాయకుల బాధ్యత మరింత ఎక్కువ. త్యాగరాజస్వామి మాటలు మన శ్రోతలకు నేరుగా అందుతాయి. ఉదాహరణకు కల్యాణిలో ‘నిధి చాల సుఖమా’ కృతికి నెరవు సాధారణంగా ‘మమత బంధన యుత నరస్తుతి సుఖమా’ దగ్గర చేస్తారు. అక్కడ ‘నర’ అని ఊపిరి తీసుకుని ‘స్తుతి’ అని అందుకుంటే అర్థం విరిగిపోతుంది. నెరవులో రాగం ఎటు తిరిగినా పదాలు తాళంలో తమ స్థానం దాటకూడదు, ఊపిరి పదం మధ్యలో పడకూడదు. పైగా అది ప్రశ్న. సంగతుల జోరులో ఆ ప్రశ్న కాకువు (గొంతులో పలికే అడిగే తీరు) పోతే నెరవు ఎంత బాగున్నా వెలితే. సాధనలో పాదాన్ని ముందు మాటగా పైకి చదవండి, తర్వాత తాళంతో చదవండి, ఆ తర్వాతే రాగంలో పెట్టండి.

స్వరకల్పన చివర వేసే ముక్తాయింపులు రెండో మూడో సిద్ధంగా ఉంటే చాలు, ఇరవై అక్కర్లేదు. ఆదితాళం ఒక కళలో ఆవర్తనానికి (తాళం ఒక చుట్టుకు) 8 అక్షరాలు, అక్షరానికి 4 మాత్రల చొప్పున 32 మాత్రలు. ఒక చిన్న లెక్క: నాలుగు స్వరాల ముక్క, రెండు మాత్రల కార్వ (విరామం), మూడు స్వరాలు, రెండు కార్వ, రెండు స్వరాలు, రెండు కార్వ. ఇది 15. తర్వాత అయిదు స్వరాల ముక్క మూడుసార్లు, వాటి మధ్య ఒక్కో మాత్ర ఖాళీ. ఇది 17. మొత్తం 32. సమం (ఆవర్తనం మొదలు) నుంచి మొదలుపెడితే సమ ఎత్తుగడ ఉన్న, అంటే అక్కడే ఎత్తుకునే కృతికి సరిగ్గా వచ్చి చేరుతుంది. కృతి అర అక్షరం తర్వాత ఎత్తుకునేదైతే రెండు మాత్రలు ఎక్కువ కావాలి. చివరి భాగంలో ఒక మాత్ర ఖాళీలను రెండేసి చేస్తే 19 అవుతుంది, మొత్తం 34. అదే ముక్తాయింపు, చిన్న మార్పుతో రెండు ఎత్తుగడలకు పనికొస్తుంది. స్వరాల్ని రాగానికి తగ్గట్టు మార్చుకోవడమే మిగిలిన పని. ఇలాంటివి చేతిలో తాళం వేస్తూ, పక్కన ఎవరైనా మాట్లాడుతున్నా తప్పకుండా వచ్చేదాకా చేయాలి. లెక్క గుర్తు తెచ్చుకుంటూ పాడే ముక్తాయింపు వినేవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది, ముఖం ముడుచుకుంటుంది.

పక్కవాద్యాల వారితో కలిసి ముందే సాధన చేయడం మన పద్ధతిలో తక్కువ. చాలా కచేరీల్లో కళాకారులు వేదిక మీదే కలుసుకుంటారు. ఆ కొత్తదనంలో అందం ఉంది, ఆలాపనకు వయొలిన్ ఇచ్చే జవాబు ముందే వినేస్తే దాని పదును పోతుంది. అయితే కొన్ని సంగతులు రెండు రోజుల ముందు ఫోన్లో చెప్పితీరాలి: శ్రుతి ఎంత, అరుదైన కృతులు ఏవి, వాటి తాళం, ఎత్తుగడ, రాగం తానం పల్లవి (ఒకే పాదాన్ని విస్తారంగా పాడే అంశం) ఉంటే పల్లవి నడక, నెరవు ఏ పాదం దగ్గర. అరుదైన కృతి అయితే రికార్డింగ్ పంపడం మర్యాద. వయొలిన్ విద్వాంసులను వేదిక మీద ఇబ్బంది పెట్టి మెప్పు పొందాలనుకోవడం కచేరీకి చేసే ద్రోహం.

శ్రుతి మాట అందరికంటే ముందు మృదంగం వారికి చెప్పాలి. శ్రుతిని హార్మోనియం మెట్ల అంకెలతో చెబుతారు: మగవారి గొంతు సాధారణంగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్యన ఉంటుంది, ఆడవారిది నాలుగున్నర నుంచి ఆరు దాకా. మైకులు లేని రోజుల్లో సభ చివరి వరసకు వినిపించాలని మగవారూ నాలుగు శ్రుతి దాకా పాడేవారు, మైకు వచ్చాక శ్రుతులు దిగాయి. తగ్గు శ్రుతి మృదంగం కాస్త పొడుగు, హెచ్చు శ్రుతిది పొట్టి. ఒకదానితో రెండో పని జరగదు. ఘటానికైతే శ్రుతి దాని మట్టిలోనే ఉంది, ఏ శ్రుతికి ఆ ఘటమే తేవాలి. జలుబు చేసి అర శ్రుతి దించి పాడాలనుకుంటే ఆ నిర్ణయం ఉదయమే తీసుకుని అందరికీ ఫోన్ చేయండి. సాయంత్రం గ్రీన్‌రూమ్‌లో చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

కచేరీకి వారం ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి పూర్తి కచేరీ పాడి చూసుకోవాలి. కచేరీ సాయంత్రం ఆరింటికైతే సాధనా ఆరింటికే. నేల మీద బాసింపట్టు వేసుకుని, తంబూరాతో, తాళంతో, తప్పు వచ్చినా ఆగకుండా, తని కోసం కేటాయించిన పన్నెండు నిమిషాలూ తాళం వేస్తూ. రెండు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడుం వంగుతుంది, నడుం వంగితే ఊపిరి పొట్టిదవుతుంది. ఇది కుర్చీలో కూర్చుని చేసే సాధనలో బయటపడదు. ఫోన్లో రికార్డు చేసి మర్నాడు వినండి, అదే రోజు వింటే చెవి మనల్ని సమర్థిస్తుంది.

గొంతు విషయం క్లుప్తంగా. కచేరీ రోజు ఉదయం మంద్రస్థాయిలో (కింది స్థాయిలో) అకార సాధకం (‘ఆ’ అంటూ చేసే సాధన) ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం మౌనం, వేదికకు అరగంట ముందు మెల్లగా సరళీ స్వరాలు మూడు కాలాల్లో. ఆ రోజు మొత్తం కృతులు పాడుకుని గొంతును ఖర్చు చేయొద్దు. భోజనం మూడు గంటల ముందే ముగించాలి. ఆవకాయ, వేపుళ్ళు ఆ పూటకు మానాలి, కడుపులో పులుపు పైకి ఎగదన్నితే మొదట దెబ్బతినేది గొంతే. జలుబు మాత్రల్లో చాలావరకు గొంతును ఎండబెట్టేవే. కారు ప్రయాణంలో హోరుకు మించి గట్టిగా మాట్లాడటం, గ్రీన్‌రూమ్‌లో వచ్చినవారందరితో కబుర్లు, ఇవి పాటకంటే ఎక్కువ అలసట తెస్తాయి. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు గానీ, అదీ శ్రమే.

హాలుకు కనీసం గంట ముందు చేరాలి, అది మన కోసం కన్నా వాద్యాల కోసం. హైదరాబాద్ రవీంద్రభారతి లాంటి ఏసీ హాలులో గాలి పొడిగా ఉంటుంది, మృదంగం తోలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. కోస్తాలో వేసవి పందిట్లో గాలిలో తడి, తోలు సడలి శ్రుతి దిగుతుంది. వాద్యం ఆ గాలికి అలవాటు పడ్డాకే శ్రుతి చేయాలి. మృదంగం కుడివైపు అంచు అల్లిక మీద పుల్ల పెట్టి రాయితో పైనుంచి కొడితే శ్రుతి ఎక్కుతుంది, కిందినుంచి కొడితే దిగుతుంది. చుట్టూ అన్ని చోట్లా ఒకే నాదం పలికేదాకా ఈ పని సాగుతుంది, తొందరపెట్టకూడదు. ఎడమవైపు అంటించే రవ్వ ముద్ద ఏసీలో గంటకే ఎండిపోతుంది, అందుకు వేదిక మీద చిన్న గిన్నెలో నీళ్ళు ఉండాలి. ఎలక్ట్రానిక్ తంబూరా తెచ్చుకుంటే ఛార్జింగ్ చూసుకోవాలి, ఫోన్ యాప్ అయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. ఆలాపన మధ్యలో కాల్ వచ్చి శ్రుతి ఆగిపోవడం కంటే ఘోరం లేదు.

కూర్చునే తీరుకు కారణం ఉంది. మృదంగం వారు గాయకుల కుడివైపున, వారివైపు తిరిగి కూర్చుంటే మృదంగం కుడి ముఖం సభవైపు ఉంటుంది, అసలైన నాదం అటు పోతుంది. మృదంగ విద్వాంసులు పళని సుబ్రహ్మణ్య పిళ్ళై గారిలా ఎడమచేతివాటం వారు వాయిస్తే వయొలిన్, మృదంగం స్థానాలు మారతాయి. మైకులు పెట్టేవారికి ఈ సంగతి ముందే చెప్పాలి.

మైకుల దగ్గర సగం కచేరీలు పాడవుతాయి. శ్యూర్ ఎస్‌ఎమ్ 58 లాంటి డైనమిక్ మైకు నోటికి నాలుగైదు అంగుళాల దూరంలో, కొంచెం కిందుగా ఉంటే చాలు. మరీ దగ్గరైతే మంద్రస్థాయి బొంగురుగా ఉబ్బుతుంది. తారస్థాయికి తల కాస్త వెనక్కి తీసుకోవాలి, మైకు జరపకూడదు. మృదంగానికి రెండు మైకులు, కుడికొకటి, ఎడమకొకటి. సౌండ్ చెక్‌లో ‘హలో హలో’ వల్ల ఉపయోగం లేదు. ఒక తారస్థాయి సంగతి, ఒక మంద్రస్థాయి పలుకు, తర్వాత వయొలిన్, తర్వాత మృదంగం, చివరికి అందరూ కలిసి ఒక మధ్యమకాల పాదం రెండు నిమిషాలు. మోత పెట్టే మృదంగం జతుల దగ్గరే కీచు మొదలవుతుంది, అది అప్పుడే బయటపడాలి. గాయకుల మానిటర్‌లో శ్రుతి, తమ గొంతు ప్రధానంగా, వయొలిన్ కొద్దిగా ఉండాలి. మృదంగం వారి మానిటర్‌లో గాత్రం స్పష్టంగా ఉండాలి. ఖాళీ హాలు మోగుతుంది, జనం నిండాక ఆ మోత తగ్గుతుంది. కాబట్టి చెక్‌లో కాస్త ఎక్కువ మోగినా కంగారుపడొద్దు, ఎకో మాత్రం అసలు పెట్టనివ్వకండి. ఒకసారి సరిపడ్డాక కచేరీ మధ్యలో ప్రతి పాటకూ సౌండ్ వారికి చేతి సైగలు చేస్తుంటే సభ దృష్టి చెదిరిపోతుంది. వర్ణం తర్వాత ఒకేసారి చెప్పి వదిలేయడం మంచిది.

వేదిక మీద ఏదో ఒకటి జరగకమానదు. వయొలిన్ తీగ తెగితే అందరూ ఆగి చూడనక్కర్లేదు. గాయకులు తాళం లేకుండా ఒక భాగవత పద్యమో శ్లోకమో రాగమాలికగా అందుకుంటే తీగ మార్చి శ్రుతి చేసుకునే వ్యవధి దొరుకుతుంది. అందుకోసం ఒక పద్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. చరణం మరిచిపోతే పల్లవికి వచ్చి స్వరాలు మొదలుపెట్టండి, తడుముకోవద్దు. పుస్తకం పెట్టుకోవడం తప్పు కాదు గానీ, మొత్తం సాహిత్యం ఎదుట ఉంటే కళ్ళు అక్కడే ఉండిపోతాయి. పల్లవి, చరణం మొదటి మాటలు మాత్రమే పెద్ద అక్షరాలతో రాసుకుంటే చాలు. శ్రుతి కలవలేదని అనుమానం వస్తే రెండు పాటల మధ్య అర నిమిషం తీసుకుని సరిచేయించండి. ఆ నిశ్శబ్దాన్ని సభ తప్పుపట్టదు.

తని సమయంలో గాయకుల పని ఒక్కటే, తాళం. వేళ్ళు లెక్కపెడుతూ మనసు తర్వాతి పాట మీదికి పోతే ఆవర్తనం జారిపోతుంది. అక్కడ జారితే మృదంగం వారు వేసిన లెక్కంతా వృథా. చేయి పెద్దగా, అందరికీ కనిపించేలా వేయాలి. మోహర (ముగింపుకు ముందు వచ్చే జతుల వరస) వినిపించగానే కోర్వ (తని ముగింపు లెక్క) రాబోతోందని అర్థం. కోర్వను మూడుసార్లు వాయించి ముగిస్తారు, అప్పుడు కృతిని సరైన ఎత్తుగడలో అందుకోవాలి. ఘటం కూడా ఉంటే వంతులవారీగా సాగుతుంది కాబట్టి 12 నిమిషాలకు బదులు 18 కేటాయించండి, ఒక తుకడా తగ్గించుకోండి.

శ్రీరామనవమి పందిట్లో పాడేటప్పుడు ఈ లెక్క మొత్తం మారుతుంది. జనం వచ్చిపోతుంటారు, జనరేటర్ రొద, పక్క వీధి మైకులు. అక్కడ పన్నెండు నిమిషాల ఆలాపన బదులు ఆరు నిమిషాల రెండు ఆలాపనలు, రామదాసు కీర్తనలు ఎక్కువగా, చివర తరంగం. ప్రమాణం తగ్గించడం కాదిది. అక్కడి శ్రోత ఎంతసేపు నిలబడి వింటాడో తెలుసుకుని పాడటం. మైకుల్లో ఎడతెగని గుంయ్‌మనే హమ్ ఉంటే దాదాపు ఎప్పుడూ ఎర్తింగ్ లోపమే. మొదలుపెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి, ఒకసారి పాట ఎత్తుకున్నాక ఎవరూ పట్టించుకోరు.

కచేరీ అయ్యాక రెండు రోజుల్లోపు రికార్డింగ్ విని మూడు విషయాలు కాగితం మీద రాయండి: ఒక్కో అంశం మొదలైన నిమిషం, ఒక్కో కృతి మొదట్లో, చివర్లో కాలప్రమాణం, స్వరాల్లో ఒకే పలుకు ఎన్నిసార్లు తిరిగి వచ్చింది. వయొలిన్ వారికి ఇచ్చిన సమయాన్ని కూడా కొలవండి. ఏడు నిమిషాలు ఇద్దామనుకుని నాలుగే ఇచ్చి ఉంటే తర్వాతి కచేరీ జాబితాలో మార్పు అక్కడినుంచే మొదలవ్వాలి.